‘నీ హితవులు నాకొద్దు’: ఈ మాట ఎందుకు గుచ్చుకుంటుంది?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నా దగ్గరి స్నేహితురాలు ఉద్యోగం మానేస్తానంటే, తొందరపడొద్దని నాలుగు మాటలు చెప్పాను. వినకపోయేసరికి వాళ్ల అన్నయ్యతో కూడా చెప్పించాను. తను బాగుండాలన్న ఆశ తప్ప నా మనసులో ఇంకేమీ లేదు. ‘నీ హితవులు నాకొద్దు’ అంది. రెండు నెలలుగా మాటల్లేవు. హితం అంటే మేలే కదా! మేలు అనే అర్థమున్న మాట తిట్టులా ఎలా మారిందో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించానండి. ‘హితవు’కి తెలుగులో ఇంకో వాడుక ఉంది. జ్వరం తగ్గి లేచినవాళ్లు ‘నోటికి ఏదీ హితవుగా లేదు’ అంటారు. హితవో కాదో అక్కడ తేల్చేది తినేవాళ్ల నాలుక. ఎంత ప్రేమగా వడ్డించినా వడ్డించేవాళ్లకు ఆ హక్కు లేదు. ‘హితవు చెప్పడం’ దగ్గరికి వచ్చేసరికి ఇది పూర్తిగా తిరగబడింది. ఏది హితవో చెప్పేవాళ్లే తేల్చేస్తారు. వినేవాళ్ల నోటికి అది ఎలా ఉందో అడిగే పని ఉండదు.

పేపర్లో వార్తలు గమనించండి. మంత్రి అధికారులకు ‘హితవు పలికారు’ అని రాస్తారు. అధికారులు మంత్రికి హితవు పలికారని రాయరు. కింది నుంచి పైకి వెళ్తే అది విన్నపమో, సూచనో అవుతుంది. అంటే ఆ మాటకి ఒక ఎత్తు ఉంది. మీ స్నేహితురాలికి మీరు ఆ ఎత్తు మీద నిలబడినట్టు అనిపించి ఉంటుంది. మీ ప్రేమను ఆమె శంకించిందని నేననుకోను.

మరొకరు: సంస్కృతం వైపు నుంచి కొంచెం కలుపుతాను. హితం ‘ధా’ ధాతువు నుంచి వచ్చింది. ‘దధాతేర్హిః’ అనే పాణిని వ్యాకరణ సూత్రంతో ‘ధా’ కాస్తా ‘హి’ అవుతుంది. మూలార్థం ‘ఉంచబడినది’. పురోహితుడు అంటే ముందు ఉంచబడినవాడు. సన్నిహితుడిలో ఉన్నదీ ఈ హితమే, దగ్గరగా ఉంచబడినవాడు అని.

నాకు బాగా నచ్చిన సూత్రం ఇంకొకటి ఉంది: ‘తస్మై హితమ్’. ‘వానికి హితమైనది’ అని అర్థం. హితం పక్కన చతుర్థీ విభక్తి రావాలి, ఎవరికి అన్నది తేలాలి. ఊరికే ‘హితం’ అంటే వాక్యం నిండదు. ఉద్యోగంలో ఉండిపోవడం మీకు హితంగా కనిపించింది. అది ఆమెకి హితమా? ఆ అన్నయ్యకి చెప్పేముందు ఆమెనే ఆ మాట అడిగి ఉంటే బాగుండేది. నొప్పించాలని అనడం లేదు. నేను కూడా మా ఇంట్లో ఇలాగే ఒకరిని దూరం చేసుకున్నాను.

ఇంకొకరు: ‘అప్రియస్య చ పథ్యస్య వక్తా శ్రోతా చ దుర్లభః’ కూడా గుర్తు చేసుకోవాలి. ఇష్టం లేకపోయినా మేలు చేసే మాటను చెప్పేవాడూ, వినేవాడూ దొరకడం కష్టం అని. వాల్మీకి రామాయణంలో మారీచుడు రావణుడితో అన్న మాట. విభీషణుడూ ఇదే చెప్పి అవమానపడ్డాడు. మేలు కోరి చెప్పిన మాట ఇష్టం లేకపోయినా వినాలి కదా?

మొదటి జవాబు రాసినవారు: నిజమే. కానీ ఆ పాదంలో ‘వక్తా’ కూడా ఉందండి. వినేవాడే కాదు, చెప్పేవాడూ అరుదే అంటోంది శ్లోకం. దాన్ని ఎత్తిచూపేవాళ్లం ఎప్పుడూ వినేవాడి తప్పే చూస్తాం. ‘పథ్యం’ అన్న మాట కూడా చూడండి. పథ్యం చెప్పాలంటే ముందు రోగిని చూడాలి, ఒంటికి ఏది పడదో అడగాలి. పైగా మారీచుడి ముందున్నది ఇంకొకరి భార్యను ఎత్తుకుపోదామనుకున్నవాడు. సొంత ఉద్యోగం మానుకునే మనిషిని అతని పక్కన నిలబెట్టడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. తను ఎందుకు మానేస్తోందో నేను అడగనే లేదు. ఇప్పుడు రాస్తూ ఉంటే తెలిసింది. ఈ రాత్రికి ఫోన్ చేస్తాను. అన్నట్టు, మేలు కోరేవారిని అనే ‘హితవరి’లో చివరి ‘అరి’ తెలుగుదేనా?

మొదటి జవాబు రాసినవారు: తెలుగుదేనండి. నేర్పరి, పొదుపరి లాంటిదే. ముందు ఫోన్ చేయండి, ‘అరి’ గురించి రేపు వివరంగా రాస్తాను.