మొరాయించిందా, కూలిందా, ఆరిపోయిందా?

తిరుపతి నుంచి ఒక సభ్యురాలు:

మాది డీటీపీ కేంద్రం. పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేస్తాం. పేజీలు కూర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. ఏళ్ల తరబడి చేసిన పని అంతా యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగల అక్షర సంకేతాలు) కాని ఆ ఫాంట్లలోనే ఉంది కాబట్టి ఆ కంప్యూటర్‌ను వదులుకోలేం. ఈ మధ్య అది పని మధ్యలో ఆగిపోతోంది. బాగుచేసేవారికి ఫోను చేసి "మొరాయిస్తోంది" అంటే, "అంటే ఏమి చేస్తోంది?" అని తిరిగి అడుగుతున్నారు. సర్వర్లు మొరాయించాయి, ఈవీఎంలు మొరాయించాయి అని పత్రికల్లో చదువుతూనే ఉన్నాం కదా. ఈ మాట సరిపోదా? క్రాష్‌కు తెలుగులో సరైన మాట ఏది?

చిత్తూరు నుంచి, కంప్యూటర్లు బాగుచేసే ఒక సభ్యుడు:

అమ్మా, అది చక్కటి మాట. కాకపోతే దానితో చేయించకూడని పని చేయిస్తున్నాం. బండికి కట్టిన ఎద్దు ఎంత అదిలించినా కాలు కదపకుండా నిలబడిపోతే మొరాయించింది అంటాం. అది పడిపోలేదు, నిలబడే ఉంది, కానీ కదలదు. కంప్యూటర్‌కూ సరిగ్గా అలాంటి స్థితి ఒకటి ఉంది. లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మీద పేజీ అలాగే ఉంటుంది, మౌస్ బాణం మాత్రం కదలదు. దాన్ని మొరాయించింది అనండి, బిగుసుకుపోయింది అనండి, నేను వెంటనే ర్యామ్ వైపు, హార్డ్ డిస్క్ వైపు, డిస్‌ప్లే డ్రైవర్ వైపు, అంటే తెరకు బొమ్మ పంపే భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాము వైపు చూస్తాను.

అదే కంప్యూటర్ కరెంటు పోయినట్టు ఒక్కసారిగా ఆగి, తెర, ఫ్యాను, లైటు అన్నీ చల్లారిపోతే అది ఆరిపోవడం. దానికి కారణాలు వేరు. ప్రాసెసర్ హద్దు దాటి వేడెక్కితే, కాలిపోకుండా ఉండేందుకు కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతుంది. మన వైపు ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ. ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రెక్కల (హీట్ సింక్) నిండా దుమ్ము, దాని కింద ఎండిపోయి పెళుసెక్కిన థర్మల్ పేస్ట్ ఉంటాయి. ఉదయం బాగా నడిచి మధ్యాహ్నం ఆరిపోతుంటే ముందు అక్కడే చూడాలి. వేడి సంగతి తేలాక కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె ఎస్‌ఎంపీఎస్, ఆ తర్వాత మదర్‌బోర్డు మీద పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు.

మూడోది, ఆగి తనంతట తానే మళ్లీ మొదలవడం. ఇది చాలామందిని దారి తప్పిస్తుంది. విండోస్‌లో లోపం వస్తే వెంటనే రీస్టార్ట్ కావాలన్న అమరిక ముందే పెట్టి ఉంటుంది. అందువల్ల లోపం వివరాలు చూపే నీలి తెర వచ్చినా చదివేలోపే మాయమవుతుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి ఆటోమేటిక్ రీస్టార్ట్ ఎదురుగా ఉన్న టిక్కు తీసేస్తే ఆ తెర నిలబడుతుంది. నన్నడిగితే కూలడం, కుప్పకూలడం అనే మాటలు ఆ నీలి తెరకే చెందుతాయి. అక్కడ కూలేది విండోస్ మొత్తం. ఒక్క పేజ్‌మేకర్ మూసుకుపోయి మిగతావన్నీ నడుస్తుంటే, "పేజ్‌మేకర్ మూసుకుపోయింది" అంటే చాలు.

క్రాష్‌కు ఒక్క తెలుగు మాట వెతకడం నాకు అనవసరంగా తోస్తుంది. ఇంగ్లీషు ఒక్క మాటలో కుక్కిన నాలుగైదు సంగతులకు మన దగ్గర వేర్వేరు క్రియలు ఉన్నాయి. ఏ క్రియ వాడారన్నదాన్ని బట్టి స్క్రూడ్రైవర్ తీయాలా, విండోస్‌ను అతి తక్కువ డ్రైవర్లతో నడిపే సేఫ్ మోడ్ తెరవాలా అని నేను తేల్చుకుంటాను.

తిరుపతి నుంచి, తెలుగు అధ్యాపకుడిగా పనిచేసి విరమించిన ఒక సభ్యుడు:

చాలా బాగా చెప్పారు. స్తంభించడం కూడా మొరాయించడం పక్కన నిలబడే మాటే, పత్రికలకు అలవాటైనదే. అయితే డ్రైవర్ సంగతి ఏమిటి? సారథి అనో, చోదకి అనో అనవచ్చు కదా. డ్రైవర్ అంటే మనకు బస్సు నడిపే మనిషే గుర్తుకొస్తాడు.

చిత్తూరు సభ్యుడు:

సార్, సారథి అందమైన మాట, కాదనను. కానీ డ్రైవర్ అనే మాటతో మన భాషకు చిక్కు రాదు. బస్సు డ్రైవర్ వచ్చాడు, ప్రింటర్ డ్రైవర్ వచ్చింది. మనిషి (మహత్తు) ఎవరో, వస్తువు (అమహత్తు) ఏదో క్రియ చివరే తేలిపోతుంది. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది దాని పక్కన చేరే "పోయింది". డ్రైవర్ పోయింది అంటారు. పోవడంలో ఎన్ని రకాలో చూడండి.

విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్న పరికరం మీద రెండుసార్లు నొక్కితే ఒక సంఖ్య కనిపిస్తుంది. 28 అంటే డ్రైవర్ అసలు లేదు, ఎక్కించలేదు. 10 అంటే పరికరం మొదలు కాలేకపోయింది, చాలాసార్లు అక్కడ డ్రైవర్ ఉన్నా సరిపడలేదని అర్థం. 43 అంటే ఆ పరికరమే తనలో లోపం ఉందని చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది. అప్పుడు డ్రైవర్ మార్చినా ఫలితం ఉండకపోవచ్చు, ఉదాహరణకు తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డే చెడిపోయి ఉండవచ్చు. లేదు, సరిపడలేదు, చెడిపోయింది: మూడూ చిన్నపిల్లలకు తెలిసిన మాటలే, వీటిని మనం ఎందుకు వాడం?

పాత కంప్యూటర్లలో ఎక్కువగా చూసేది సరిపడకపోవడమే. 32 బిట్ విండోస్‌కు రాసిన డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో ఎక్కదు. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది. పాత కార్డు తయారీదారు కొత్త విండోస్‌కు డ్రైవర్ రాయకపోతే, "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అనే సాధారణ డ్రైవర్‌తో కాలం గడపాలి. బొమ్మ వస్తుంది, కానీ తెరకు తగిన కొలతలు దొరకకపోవచ్చు. అక్షరాల సాగుడు చూసి పేజీ కొలవవలసిన డీటీపీ వారికి అది పెద్ద బాధ.

తిరుపతి సభ్యురాలు:

అన్నా, మీరు చెప్పినట్టు రెండు రోజులుగా గమనించాను. మాది ఆరిపోవడం లేదు. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంది. అప్పుడప్పుడు మాత్రం తిరిగి రాకుండా నీలి తెర పడుతుంది. దీనికి ఏ మాట?

చిత్తూరు సభ్యుడు:

తేరుకోవడం, అమ్మా. నల్లబడి తేరుకుంటోంది, కొన్నిసార్లు తేరుకోలేక కూలుతోంది. ఈ ఒక్క వాక్యం ఫోనులో చెప్పి ఉంటే ఎవరికైనా సగం పని అయిపోయేది. గ్రాఫిక్స్ కార్డు నుంచి జవాబు రాకపోతే విండోస్ మామూలుగా రెండు సెకన్లు చూసి డిస్‌ప్లే డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. ఆ ప్రయత్నం ఫలించకపోతే నీలి తెర.

ముందు పాత పత్రికల ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి, ఇది అయ్యేదాకా ఇంకేమీ ముట్టుకోవద్దు. తర్వాత డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే కింద రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కగలిగే స్థితిలో ఉందేమో చూడండి. ఉంటే ఈ మధ్య ఎప్పుడో కొత్త డ్రైవర్ ఎక్కిందన్నమాట, పాతదానికి వెళ్లండి. లేకపోతే కార్డు తయారీదారు సైటు నుంచే మీ విండోస్‌కు తగినది దించుకోండి. డ్రైవర్లన్నీ ఉచితంగా సరిచేస్తామని చెప్పే ప్రోగ్రాముల జోలికి వెళ్లకండి, అవి ఎక్కించే సరిపడని డ్రైవర్లను తీసేయడం మాకు మరో పని.

నీలి తెర ఈసారి పడితే ఫోనుతో ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. అందులో ఎస్‌వైఎస్ (.sys) తోకతో ఒక ఫైలు పేరు ఉండవచ్చు. ప్రతిసారీ అదే పేరు వస్తుంటే అనుమానం డ్రైవర్ మీద. కూలిన ప్రతిసారీ వేరే కోడ్, వేరే పేరు వస్తుంటే ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును రబ్బరుతో సున్నితంగా తుడిచి మళ్లీ గట్టిగా బిగించాలి, ర్యామ్‌ను పరీక్షించే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపి చూడాలి. కేసు తెరిచే ముందు ప్లగ్గు పీకేయండి.