ఫార్మసీ సర్టిఫికెట్ అద్దెకివ్వం అని బ్యాచ్ మొత్తం మాటివ్వాలా? (చర్చ)

ఒంగోలు ఫైనలియర్:

మా బీ ఫార్మసీ చివరి సెమిస్టర్ అయిపోయింది, ప్రాజెక్ట్ వైవా కూడా అయింది. ఫేర్‌వెల్ రోజు పంచడానికి బ్యాచ్ పుస్తకం ఒకటి వేస్తున్నాం. ఫొటోలు, జ్ఞాపకాలు సరే. చివరి పేజీలో ఒక వాక్యం పెట్టి, కింద అందరి సంతకాలు ఉండాలని కొందరం అనుకున్నాం: "ఈ బ్యాచ్‌లో ఎవరమూ మా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను మందుల షాపుకు అద్దెకివ్వం." అద్దె అంటే, ఫార్మసిస్ట్ షాపుకి వెళ్లకుండా, నెలనెలా డబ్బు తీసుకుని తన సర్టిఫికెట్‌ను మాత్రం అక్కడ పెట్టించడం. దాంతో క్లాసు రెండుగా చీలింది. బయటివాళ్ల మాట కూడా వినాలని ఇక్కడ పెడుతున్నాను.

నా మాట ముందే చెప్తాను, ఆ వాక్యం ఉండాల్సిందే. ఫస్టియర్‌లో బైపీసీ నుంచి వచ్చిన మాకు రెమెడియల్ మ్యాథ్స్, ఎంపీసీ వాళ్లకు రెమెడియల్ బయాలజీ. ఒకరికొకరం చెప్పుకుంటూ గట్టెక్కాం. ఎమల్షన్ (నూనె, నీళ్లు కలిపి చేసే మందు) విరిగిపోతే మోర్టార్ (కల్వం) కడిగించి మళ్లీ మొదటి నుంచి చేయించేవారు. సీసా మీద "పైపూతకు మాత్రమే" అనే ఎర్ర లేబుల్ అంటించలేదని మా బెంచీలో ఒకమ్మాయికి మార్కులు కోసేశారు. డిసొల్యూషన్ (బిళ్ల కరిగే పరీక్ష) ప్రాక్టికల్‌లో 900 ఎంఎల్ ద్రావణం 37 డిగ్రీల దగ్గర అర డిగ్రీకి మించి తేడా రాకుండా కాపలా కాశాం. బిళ్ల కడుపులోకి వెళ్లాక ఎంతసేపట్లో కరుగుతుందో తెలుసుకోవడానికే ఇంత జాగ్రత్త పడ్డాం. అదే బిళ్ల రోగి చేతికి అందే చోట మాత్రం మనం ఉండక్కర్లేదు, మన పేరున్న కాగితం గోడకి వేలాడితే చాలు అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

కావలి కుర్రాడు:

నాదీ అదే క్లాసు. ఆ వాక్యం కింద సంతకం పెట్టనన్న వాళ్లలో నేనూ ఉన్నాను. ఎందుకో ఇక్కడే చెప్తాను.

మా నాన్న రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు. ట్యూషన్ ఫీజుకి రీయింబర్స్‌మెంట్ ఉందన్నారు గానీ, ఆ డబ్బు ఆలస్యమైనప్పుడల్లా హాల్‌టికెట్ కోసం అప్పు తెచ్చి కట్టింది మేమే. హాస్టల్ ఖర్చు వేరే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) ట్రైనీగా తీసుకుంటామన్నారు. ఆ జీతం రూముకీ మెస్సుకీ సరిపోతుంది, ఇంటికి పంపడానికి మిగలదు. మా ఊళ్లో ఒక షాపాయన సర్టిఫికెట్ ఇస్తే నెలకి నాలుగు వేలు ఇస్తానన్నాడు. మా అమ్మకి ఆ నాలుగు వేలు ఎంత పెద్ద మొత్తమో నాకు తెలుసు.

ఇంకొకటి. ఆ షాపాయన ఇరవై ఏళ్ల పైబడి కౌంటర్‌లో ఉన్నాడు. మనం కాలేజీలో జనరిక్ పేర్లు చదివాం. అక్కడికొచ్చే జనం బ్రాండ్ పేరు చెప్తారు, లేదంటే ఖాళీ స్ట్రిప్ చూపిస్తారు. డిప్లొమా వాళ్లకైతే 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ తప్పనిసరి. మనకి ఏడో సెమిస్టర్‌లో ప్రాక్టీస్ స్కూల్ అని ఒక సబ్జెక్ట్ ఉంది, దాన్నీ మన దగ్గర రికార్డు రాయించి ముగించారు. కౌంటర్‌లో ఒక్క రోజైనా నిలబడని నేను, ఆయన కంటే బాగా మందులు ఇస్తానని ఏ ధైర్యంతో చెప్పను?

కౌంటర్ అక్క, నెల్లూరు:

తమ్ముడూ, నీ ఇంటి కష్టం మీద నేను ఒక్క మాట కూడా అనను. మాదీ అలాంటి ఇల్లే. నేను చదువు అయిపోయినప్పటి నుంచి నెల్లూరులో ఒక ఆసుపత్రి పక్కన మందుల షాపులో చేస్తున్నా. ఆయనకి అనుభవం ఉందన్నావు కాబట్టి రోజూ చూసే సంగతి ఒకటి చెప్తా.

పసిబిడ్డకి జ్వరం. పారాసెటమాల్ డ్రాప్స్‌లో ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో ఐదు ఎంఎల్‌కి 125 ఉండేదొకటి, 250 ఉండేదొకటి. పది కిలోల బిడ్డకి కిలోకి 15 చొప్పున 150 మిల్లీగ్రాములు పోయాలనుకో. డ్రాప్స్ అయితే ఒకటిన్నర ఎంఎల్, 125 సిరప్ అయితే ఆరు, 250 అయితే మూడు. మందు ఒకటే, కొలతలు మూడు. మొన్న ఒకామె డ్రాప్స్ సీసా తీసుకుని, ఇంట్లో పాత సిరప్ మూత ఉంది, దాంతో ఐదు ఎంఎల్ పోస్తానంది. అంటే 500 మిల్లీగ్రాములు. ఆమె అడగను కూడా అడగలేదు, వెళ్తూ వెళ్తూ అన్న మాట అది. నిలబెట్టి, డ్రాపర్ మీద గీత చూపించి పంపాను. అనుభవం ఉన్న ఓనర్‌కి ఏ సీసా ఏ అరలో ఉందో నాకంటే బాగా తెలుసు, అందులో సందేహం లేదు. ఆ గీత దగ్గర ఆగాలని నేర్పింది మాత్రం మనం విసుక్కుంటూ చేసిన పొసాలజీ (మందు మోతాదు) లెక్కలే. నీకు కౌంటర్ అనుభవం లేదంటావా, ఆరు నెలలు నిలబడితే బ్రాండ్ పేర్లు వాటంతట అవే వస్తాయి.

ఇక జీతం సంగతి. దీన్ని ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే గట్టిగా చెప్తాను. నాకు జీతం పెంచమని అడిగిన ప్రతిసారీ మా ఓనర్ ఒకటే అంటాడు: "సర్టిఫికెట్ నాలుగైదు వేలకి దొరుకుతుందమ్మా, మనిషిని పెట్టుకోవడమే ఎక్కువ." నువ్వు తీసుకునే ఆ నాలుగు వేలు, కౌంటర్‌లో నిలబడే ఫార్మసిస్ట్ జీతానికి గరిష్ఠ హద్దు అయి కూర్చుంటోంది. మన చదువుకి బయట విలువ లేదని అందరం బాధపడతాం. మనిషి రాకుండానే కాగితం దొరుకుతుంటే మనిషికి ఎవరు డబ్బిస్తారు? అద్దెకిచ్చే ప్రతివాడూ తన తర్వాత వచ్చే జూనియర్ జీతం కోస్తున్నాడు. రేపు హైదరాబాద్ నచ్చక నువ్వే కావలికి తిరిగొస్తే, నీ జీతం కూడా నువ్వే కోసుకున్నట్టు.

పాత లెక్చరర్:

చట్టం సంగతి క్లుప్తంగా. 1948 ఫార్మసీ చట్టం సెక్షన్ 42 ప్రకారం డాక్టర్ చీటీ మీద మందులు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. 1945 డ్రగ్స్ రూల్స్‌లో రూల్ 65, ఫార్మసిస్ట్ స్వయంగా పర్యవేక్షించాలంటుంది. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 ఉంది, అమ్మకానికి ప్రత్యేకంగా లెక్క రాయాల్సిన మందుల జాబితా అది. సెఫిక్సిమ్, ట్రమడాల్, ఆల్ప్రజోలమ్ లాంటివి అమ్మితే రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. షాపులో ఆల్ప్రజోలమ్ లెక్క తేడా వచ్చిన రోజున, హైదరాబాద్‌లో ఉన్న కుర్రాడి పేరు కూడా కాగితాల మీదికి వస్తుంది. నాలుగు వేల కోసం ఆ టెన్షన్ ఎందుకు నాయనా.

కనిగిరి వైపు షాపు:

అందరూ ఫార్మసిస్టుల వైపు నుంచే మాట్లాడుతున్నారు. మా వైపు కూడా కాస్త వినండి. మాది చిన్న ఊరు. ఫార్మసిస్ట్ కావాలని ఒంగోలులో ఎంతమందిని అడిగినా, అంత దూరం రామంటారు. వచ్చినా నాలుగు నెలలకి కంపెనీ ఉద్యోగం దొరికి వెళ్లిపోతారు. మనిషి దొరకలేదని షాపు మూసేస్తే, రాత్రి పూట బీపీ బిళ్ల కోసం ముసలాయన ఎక్కడికి పోవాలి? సర్టిఫికెట్ అద్దెకి తీసుకునే వాళ్లంతా మోసగాళ్లనుకోవద్దు.

కౌంటర్ అక్క, నెల్లూరు:

అన్నా, మోసగాళ్లని నేననలేదు. ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దు. మీ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్ల నొప్పులు ఎక్కువ. డైక్లోఫెనాక్ స్ట్రిప్‌లకి స్ట్రిప్‌లు చీటీ లేకుండా పోతుంటాయి. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మీరు చెప్పిన ఆ ముసలాయన బీపీ బిళ్లతో పాటు అదీ వేసుకుంటే బీపీ అదుపులో ఉండదు. ఫార్మసిస్ట్ అవసరం నెల్లూరు ఆసుపత్రి వీధిలో కంటే మీ ఊళ్లోనే ఎక్కువ అంటాను నేను. ఇక్కడైతే పక్కనే డాక్టర్ ఉంటాడు.

కనిగిరి వైపు షాపు:

అది నిజమేనమ్మా. నొప్పి బిళ్లలు అలాగే పోతున్నాయి, కాదనను. ఉండడానికి గది నేను చూపిస్తాను, ఇప్పుడు అద్దెకి కట్టేదాని మీద ఇంకొంత కలిపి జీతమూ ఇస్తాను. వచ్చినవాడు ఏడాదైనా ఉంటానని మాటివ్వాలి. అలాంటివాళ్లు మీ బ్యాచ్‌లో ఉంటే చెప్పండి.

ఒంగోలు ఫైనలియర్:

అందరికీ థాంక్స్. అక్క చెప్పిన జీతం సంగతి క్లాసులో మేమెవరం ఆలోచించలేదు. మేం చట్టం గురించీ, మనస్సాక్షి గురించే వాదించుకున్నాం. ఆ మాట యథాతథంగా గ్రూపులో పెట్టాను. సంతకం పెట్టనన్న వాళ్లలో ఇద్దరు మళ్లీ ఆలోచిస్తామన్నారు.

పుస్తకంలో వాక్యం ఉంటుంది. పెట్టినవాళ్ల సంతకాలే ఉంటాయి, పెట్టనివాళ్ల పేర్లు వేరే రాయం. దానికి ఎదురు పేజీలో ఇంకొకటి కలుపుతున్నాం. మన జిల్లాల్లో నిజంగా ఫార్మసిస్ట్‌ని కౌంటర్‌లో పెట్టుకుని జీతమిచ్చే షాపుల జాబితా. సీనియర్లు ఎవరికి తెలిసింది వాళ్లు పంపండి, జీతం ఎంతో కూడా రాయండి. కనిగిరి అన్నా, మీ షాపు అందులో మొదటిది.

రేయ్, నువ్వు నాతో నాలుగేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నావు. సంతకం పెట్టకపోయినా ఫేర్‌వెల్‌కి రా.

కావలి కుర్రాడు:

వస్తాను. సంతకం ఇప్పుడైతే పెట్టను. అప్పు తీరకుండా మాటిచ్చి, రెండు నెలల తర్వాత తప్పితే నా మొహం నేనే చూసుకోలేను. షాపాయనకి మాత్రం ఇంకా ఔనని చెప్పలేదు. కంపెనీలో చేరడానికి నెలన్నర టైముంది. ఆ నెలన్నర మీ కౌంటర్‌లో నిలబడతాను, జీతం ఏమిస్తారో చెప్పండి అని రేపు ఆ షాపాయన్నే అడుగుతాను. అక్కా, ఆ మూడు సీసాల లెక్క నేను కాగితం మీద మళ్లీ చేసి చూశాను. కరెక్టే వచ్చింది.

కౌంటర్ అక్క, నెల్లూరు:

అడుగు తమ్ముడూ. ఎంత ఇస్తానన్నాడో ఇక్కడ రాయి, జాబితాలోకి పనికొస్తుంది. మొదటి వారం హెచ్1 రిజిస్టర్ ఎలా రాస్తున్నారో చూడు. అసలు రాయడం లేదంటే నువ్వే మొదలుపెట్టు.