విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మకి డాలస్‌లో కోవిడ్ టీకా ఎక్కడ వేస్తారు?

అమ్మకి 68 ఏళ్లు, షుగర్ ఉంది. బీ2 వీసా మీద వచ్చి మా దగ్గరే ఉంటోంది. ఇండియాలో కోవిషీల్డ్ రెండు డోసులు, తర్వాత బూస్టర్ వేయించుకుంది. 2025-26 సీజన్ టీకా 65 దాటినవాళ్లకి ఆమోదించారు, కాబట్టి వయసుతో ఇబ్బంది లేదు.

ఫార్మసీ యాప్‌లో ఇన్సూరెన్స్ పేజీ దగ్గరే ఆగిపోతోంది. ‘ఇన్సూరెన్స్ లేదు’ అని నొక్కితే సోషల్ సెక్యూరిటీ నంబరో, స్టేట్ ఐడీనో అడుగుతోంది. అమ్మ దగ్గర పాస్‌పోర్టు ఒక్కటే ఉంది. కౌంటర్ దగ్గరికి తీసుకెళ్తే సిస్టమ్ తీసుకోవట్లేదని పంపేశారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లేమో టీకాలు కవర్ కావన్నారు. ఇన్సూరెన్స్ లేనివాళ్లకి ఉచితంగా వేసిన బ్రిడ్జ్ యాక్సెస్ పథకం 2024 ఆగస్టులోనే ఆగిపోయింది. పూర్తి ధర కట్టడానికి సిద్ధమే. పిల్లాడి క్లాసులో దగ్గులు మొదలయ్యాయి, అందుకే ఈ తొందర.

ఈ సీజన్‌లో పాస్‌పోర్టు మాత్రమే చూపించి, సొంత డబ్బుతో అమ్మానాన్నలకి టీకా వేయించినవాళ్లుంటే, డాలస్ చుట్టుపక్కల ఏ ఫార్మసీలో వేశారో చెప్పగలరా?