వెబ్‌సైటు ఇంట్లోంచే నడపాలా, హోస్టింగ్ కొనుక్కోవాలా?

పొందూరు మనవడు:
మా అమ్మమ్మ సన్ననూలు వడుకుతుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకడం దగ్గర నుంచి మగ్గం మీద నేత దాకా మూడేళ్లుగా వీడియోలు తీస్తున్నాను. 38 జీబీ అయింది, ఫొటోలు వేరే. వీటన్నిటికీ ఒక వెబ్‌సైటు పెట్టాలని ఉంది. ఇంట్లో పాత డెస్క్‌టాప్, ఫైబర్ లైను ఉన్నాయి. దాంట్లోనే నడిపితే నెలనెలా ఎవరికీ కట్టక్కర్లేదు, మనది మన దగ్గరే ఉంటుంది. ఫ్రెండ్స్ హోస్టింగ్, అంటే ఏదైనా కంపెనీ సర్వరులో సైటుకి అద్దె చోటు, కొనమంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

డే అండ్ నైట్ జంక్షన్:
ఇంట్లోనే పెట్టు తమ్ముడూ. మా నాన్నగారి ఇత్తడి సామాన్ల షాపుకి ఒకాయన సైటు చేసి, డొమైను, అంటే సైటు అడ్రసు, ఆయన పేరునే కొన్నాడు. హోస్టింగు కూడా ఆయన ఖాతాలోనే. రెన్యూవల్ తేదీ వచ్చింది, ఫోను ఎత్తలేదు. గడువు దాటాక పాత ఓనరు పేరు వెనక్కి తీసుకోవడానికి దొరికే 30 రోజుల రిడెంప్షన్ కూడా అయిపోయింది, ఆ పేరు ఇంకెవరో కొనేశారు. ఏడేళ్ల ఫొటోలు పోయాయి. మా నాన్న ఇప్పటికీ బిల్లు పుస్తకం మీద ఆ పాత అడ్రసు కొట్టేసి పెన్నుతో ఫోను నంబరు రాస్తారు. ఆరోజు నుంచి ఒకటే అనుకున్నా: నా సైటు నా గోడ మీదే ఉండాలి. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు పెట్టుకున్నా. అది 5 వాట్లు తింటుంది అనుకో, నెలకి 3.6 యూనిట్లు.

కోట దగ్గర, విజయనగరం:
అది రాస్ప్‌బెర్రీ పై లెక్క. ఆయన దగ్గరున్నది పాత డెస్క్‌టాప్. 80 వాట్లు అనుకున్నా నెలకి 57 యూనిట్లు దాటుతుంది. స్లాబు మారితే హోస్టింగుకి కట్టే డబ్బే కరెంటు బిల్లులో కడతారు.

సోంపేట మాస్టారు:
బాబూ, డొమైను పోగొట్టుకున్న బాధ నిజమే. కానీ ఆ తప్పు హోస్టింగ్‌ది కాదు, పేరు ఎవరి మీద ఉందన్నది. డొమైను నీ మెయిలుతో, నీ ఫోను ఓటీపీతో కొనుక్కో. సైటు ఎక్కడున్నా ఆ అడ్రసు నీది.

ఇక ఇంట్లో నడపడం. నేను మా ఊరి పాటల రికార్డింగులు అలాగే ఇంట్లో ఒక రాస్ప్‌బెర్రీ పై మీద పెట్టుకుని నడిపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు ఎలా పడిపోయాయో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇన్వర్టరు సాయంత్రం వరకు లాగింది. మా వీధికి కరెంటు పదకొండో రోజున వచ్చింది, వచ్చిన రాత్రే నాలుగుసార్లు పోయి వచ్చింది. ఆ దెబ్బకి అన్నీ దాచిన మెమరీ కార్డు పోయింది. ఎర్ర లైటు వెలుగుతుంది, పచ్చ లైటు మిణుకుమనదు. కార్డు తీసి తుడిచి మళ్లీ పెట్టి, మళ్లీ తీసి, తెల్లారే దాకా కూర్చున్నాను. వేరే కాపీ లేదు. ఒక ముసలావిడ పాడిన పాటలు అందులోనే ఉన్నాయి. ఆవిడ అప్పటికే కాలం చేశారు.

ఇల్లూ సైటూ ఒకే గాలికి పోకూడదు బాబూ. ఇది సముద్రం పక్క జిల్లా.

ఇంకొకటి. నీ లైనుకి పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు నేరుగా నీ ఇంటికి చేరే నెట్ నంబరు, ఉందో లేదో ముందు చూసుకో. చాలా ఇళ్ల కనెక్షన్లకి కంపెనీ ఒకే ఐపీని వందల మందికి పంచుతుంది, దాన్నే సీజీనాట్ అంటారు. వరస ఇళ్లన్నిటికీ ఒకే డోరు నంబరు ఉన్నట్టు. నువ్వు రాసిన ఉత్తరానికి జవాబు వస్తే చేరుతుంది, కొత్తవాడు నీ ఇల్లు వెతుక్కుంటూ వస్తే ఏ గుమ్మమో తెలియదు. రూటర్ పేజీలో వాన్ ఐపీ (కంపెనీ నీ రూటర్‌కి ఇచ్చిన నంబరు) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అదే.

డే అండ్ నైట్ జంక్షన్:
మాస్టారూ, పాటల సంగతి చదివి మనసు పాడైంది. కానీ సీజీనాట్‌కి టన్నెల్ ఉంది కదా, మన కంప్యూటరే బయటి కంపెనీ సర్వరుకి కలిసి, వచ్చేవాళ్లకి దారి ఇస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ ఉచితంగానే ఇస్తుంది, నేను అదే వాడుతున్నా. కార్డు బదులు ఎస్ఎస్‌డీ, చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు కోతలు తట్టుకుంటుంది.

సోంపేట మాస్టారు:
కోతలు తట్టుకుంటుంది, తుపానుని తట్టుకోదు. టన్నెల్ ఇచ్చేదీ ఒక కంపెనీయే కదా బాబూ, అప్పుడు నీ గోడ మీద ఉన్నట్టా? పైగా ఉచిత ఖాతా మీదుగా పెద్ద వీడియోలు నడపడానికి వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు. నేరుగా నడిపినా, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే 4 ఎంబీపీఎస్ వీడియో ఒకేసారి ఐదుగురు చూస్తే లైను నిండిపోతుంది. ఆరోవాడికి చక్రం తిరుగుతూ ఉంటుంది.

డే అండ్ నైట్ జంక్షన్:
వీడియోల విషయంలో ఒప్పుకుంటా. మిగతా పేజీలు ఇంట్లోంచి నడపొచ్చనే ఇప్పటికీ అంటాను. కుర్రాడు నేర్చుకుంటాడు. డబ్బు కట్టి ఇంకొకరికి అప్పగించినవాడికి లోపల ఏం జరుగుతుందో ఎప్పటికీ తెలియదు, నాకు తెలియకే పోయింది.

పొందూరు మనవడు:
రూటర్ పేజీ చూశాను, 100.72తో మొదలైంది. డొమైను ఈ రాత్రే నా పేరున కొంటున్నాను. పేజీలు చిన్న హోస్టింగులో పెడతాను, డెస్క్‌టాప్‌లో అసలు ఫైళ్లు ఉంటాయి, ఇంకో హార్డ్ డిస్కు మా పిన్ని వాళ్లింట్లో పెట్టడానికి విజయనగరం తీసుకెళ్తాను. మాస్టారూ, ఒక్కటి అడుగుతాను. అమ్మమ్మ దవడ ఎముక పట్టుకుని పత్తి ఏకే వీడియో మూడు నిమిషాలే, 900 ఎంబీ ఉంది. ఆ పళ్ల మధ్య నుంచి పోగులు లేచేది స్పష్టంగా కనపడాలి. ఎంతవరకు తగ్గించొచ్చు?