కెనడా ప్రెయిరీల (గడ్డి మైదానాల) మీదుగా ప్రధాన రహదారి ఏది: రెజైనా దారా, యెల్లోహెడ్ దారా?

విన్నిపెగ్ నుంచి:
వచ్చే నెల మేము ఎడ్మంటన్‌కు మకాం మారుస్తున్నాము. దక్షిణాన రెజైనా, కాల్గరీల మీదుగా పోయే 1వ నంబరు రహదారికీ, ఉత్తరాన సస్కటూన్, ఎడ్మంటన్‌ల మీదుగా పోయే 16వ నంబరు యెల్లోహెడ్‌కూ దేశాన్ని అడ్డంగా దాటే ట్రాన్స్-కెనడా రహదారి అన్న పేరే ఉంది. అయినా దక్షిణపు దారి ఎప్పుడో నాలుగు వరుసలైతే, ఉత్తరపు దారి సస్కటూన్‌కు తూర్పున ఇంకా చాలా మేరకు రెండు వరుసల్లోనే ఎందుకున్నది? ఇది న్యాయమేనా?

సస్కటూన్ నుంచి:
న్యాయం కాదండీ. దక్షిణపు దారికి పెద్దపీట వేసింది నేల స్వభావాన్ని చూసి కాదు, రైలు పట్టాలను చూసి. 1870లలో ఇంజనీరు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ సర్వే చేయించి ఎంచిన రైలు మార్గం యెల్లోహెడ్ కనుమ గుండా పోవలసి ఉండగా, అమెరికా రైలు కంపెనీలు సరిహద్దు దాటి వచ్చి వ్యాపారం తన్నుకుపోతాయన్న భయం కూడా తోడై, కెనడియన్ పసిఫిక్ కంపెనీ 1881లో దక్షిణానికి మళ్ళింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందు అన్వేషకుడు జాన్ పాలిసర్ సేద్యానికి పనికిరాదని తేల్చిన ఎండు నేల మీదుగానే పట్టాలు పడ్డాయి. 1883లో, అప్పట్లో సస్కాచెవాన్ కూడా భాగమైన వాయవ్య ప్రాంతాల రాజధాని సైతం ఉత్తరపు దారిలోని బాటిల్‌ఫర్డ్ నుంచి రెజైనాకు తరలిపోయింది. 1949 చట్టంతో మొదలైన ట్రాన్స్-కెనడా రహదారి ప్రెయిరీలలో చాలావరకు ఆ పట్టాల వెంటే నడిచింది. యెల్లోహెడ్‌కు ఆ హోదా దక్కడానికి 1990 దాకా ఆగవలసి వచ్చింది. కొండల దగ్గర చూసినా, 1వ నంబరు రహదారి దాటే కికింగ్ హార్స్ కనుమ ఎత్తు 1,600 మీటర్లు దాటితే యెల్లోహెడ్ కనుమ ఎత్తు సుమారు 1,130 మీటర్లే.

నిరుడు అక్టోబరులో, చీకటి పడే వేళ, విన్యార్డ్ నుంచి లానిగన్ వైపు వస్తూ ధాన్యం లారీ వెనక చిక్కుకున్నాను. ఎదురుగా వరసగా లైట్లు, లారీ లేపే దుమ్ములో నడిమి పసుపు గీత కూడా కనబడటం లేదు, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. ఎదురు వరుసలోకి వెళ్ళి దాటుకునే ధైర్యం లేక, లారీ పొలం దారి పట్టేదాకా దాని వెనకే వచ్చాను. కోతల కాలంలో అక్కడి వారికిది రోజూ ఉండే కష్టం. పైగా లానిగన్, జాన్సెన్‌ల వద్ద పొటాష్ గనుల రాకపోకలు కూడా ఈ దారి మీదే.

రెజైనా నుంచి:
చరిత్ర మీరు చెప్పినట్టే జరిగింది, కాదనను. కానీ నూట నలభై ఏళ్ళలో ఊళ్ళు ఆ పట్టాల వెంటే పెరిగాయి. బ్రాండన్, మూస్ జా, స్విఫ్ట్ కరెంట్, మెడిసిన్ హ్యాట్‌లను ఇప్పుడు ఎత్తి మరోచోట పెట్టలేము. మా సస్కాచెవాన్ రాష్ట్రంలో 1వ నంబరు రహదారి మొత్తం నాలుగు వరుసలయ్యేసరికే 2008 వచ్చింది. పైగా నాలుగు వరుసలుంటే చాలదని 2023 జూన్ 15న మానిటోబాలోని కార్బెరీ దగ్గర తేలింది. డివైడర్ ఉన్న ఆ రహదారిని అడ్డంగా దాటుతున్న బస్సును లారీ ఢీకొని 17 మంది చనిపోయారు, బస్సులో ఉన్నది ఎక్కువగా డాఫిన్ ప్రాంతపు వృద్ధులే. అందువల్ల డబ్బంటూ ఉంటే ముందుగా ఇలాంటి కూడళ్ళ వద్ద వంతెనలకు పెట్టాలని నా వాదన. విన్నిపెగ్ వారు మాత్రం రెజైనా దాకా 1వ నంబరు మీద వచ్చి, అక్కడి నుంచి 11వ నంబరు మీద సస్కటూన్ చేరండి. సుమారు 50 కిలోమీటర్లు ఎక్కువైనా దారంతా డివైడర్ ఉంటుంది.

సస్కటూన్ నుంచి:
కార్బెరీ విషయంలో మీ మాటకు ఎదురు చెప్పను, ఆ వంతెనలు కట్టవలసిందే. అయితే ఎడ్మంటన్ వెళ్ళేవారిని రెజైనా చుట్టి రమ్మని మీరే సలహా ఇస్తున్నారంటే, 16వ నంబరు మీద నమ్మకం లేదనే కదా అర్థం? విన్నిపెగ్ వారు చుట్టి రాగలరు. 16వ నంబరు మీదున్న యార్క్‌టన్‌లో ఉండి సస్కటూన్ ఆసుపత్రికి రావలసినవారు ఎటు చుట్టి వస్తారు? మొత్తం దారి ఒక్కసారిగా వెడల్పు చేయమని నేను అడగడం లేదు. గనుల బళ్ళు తిరిగే లానిగన్, జాన్సెన్‌ల మధ్య భాగంతో మొదలుపెట్టమంటున్నాను.