ముందు ఎడమ వైపు టక్ టక్ సౌండ్, షాకబ్జర్లు మార్చినా పోలేదు

గతుకుల బండి:

అందరికీ నమస్తే. నాది హ్యాచ్‌బ్యాక్, పెట్రోల్, మాన్యువల్ గేర్లు, 70 వేల కిలోమీటర్లు తిరిగింది. ఒక రెండు నెలల నుంచి ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్ మని సౌండ్ వస్తోంది. మంచి రోడ్డు మీద 80లో వెళ్తుంటే ఏమీ ఉండదు, బండి పువ్వులా పోతుంది. అదే గల్లీలోకి తిరిగి 15, 20 స్పీడ్‌లో చిన్న చిన్న గతుకుల మీద పోనిస్తే మొదలు, ఎవరో కింద కూర్చుని చిన్న సుత్తితో కొడుతున్నట్టే ఉంటుంది. పెద్ద గుంతలో పడితే మామూలుగా డబ్ మంటుంది అంతే, గోలంతా చిన్న గతుకులకే. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బోనెట్ మీద రెండు సార్లు నొక్కి చూసి షాకబ్జర్లు పోయాయి అన్నాడు, సరే అని ముందు రెండూ మార్పించా, బండి ఊగడం తగ్గింది కానీ సౌండ్ ఇసుమంత కూడా తగ్గలేదు. మళ్ళీ వెళ్తే ఈసారి లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపేవి) మార్చాలి, అప్పటికీ పోకపోతే స్టీరింగ్ ర్యాక్ అంటున్నాడు. ఇలా ఒక్కోటీ మార్చుకుంటూ పోతే పైన పాత బాడీ, కింద కొత్త కారు అయ్యేలా ఉంది. డిక్కీలో జాకీ, స్టెప్నీ తీసేసి కూడా నడిపి చూశా, అవి కాదు. జాకీ, రెండు స్టాండులు, పానాల సెట్టు ఇంట్లో ఉన్నాయి. నేనే కనుక్కోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత పానా:

షాకబ్జర్లు పోయాయేమో గానీ ఈ సౌండ్ మాత్రం వాటిది కాదని తేలిపోయింది కదా, అదొక మంచి. ఇప్పుడు పానా పక్కన పెట్టండి. సౌండ్ ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావట్లేదు అన్నది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

మీరు చెప్పినదాన్ని బట్టి నా మొదటి అనుమానం లింక్ రాడ్. ముందు రెండు చక్రాలనీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్ అంటారు, దాని రెండు చివర్లకీ చెరో లింక్ రాడ్, ప్రతి లింక్‌కీ పైనా కిందా చిన్న బాల్ జాయింట్లు. ఒక చక్రం లేచి రెండోది లేవనప్పుడే ఆ కడ్డీ మెలి తిరుగుతుంది, లింకుల మీద లోడు పడేది అప్పుడే. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కి ఒకేసారి దిగితే దానికి పెద్దగా పనుండదు. కాబట్టి ఒక స్పీడ్ బ్రేకర్ మీద నిటారుగా నెమ్మదిగా ఎక్కించి వినండి, తర్వాత అదే బ్రేకర్ మీద ఏటవాలుగా, ఒక చక్రం ముందు ఒక చక్రం వెనక పడేలా ఎక్కించండి. నిటారుగా సైలెంట్, ఏటవాలుగా టక్ అంటే లింకులు, లేదా బార్‌ని పట్టుకునే రబ్బరు బుష్‌లు.

అద్దాలు దించి, ఏదైనా పొడవాటి గోడ పక్కగా పోనివ్వండి. గోడకి కొట్టుకుని సౌండ్ వెనక్కి వస్తుంది, లోపల కూర్చుని వినేదానికంటే చాలా క్లియర్‌గా తెలుస్తుంది. ఇనుములో సౌండ్ ఎటు నుంచి ఎటు పాకుతుందో చెప్పలేం, ఎడమ అనుకున్నది కుడివైపు దొరికిన రోజులున్నాయి.

తర్వాత చక్రం లేపి, కింద స్టాండు పెట్టి (ఒక్క జాకీ మీద వదిలేసి కిందికి దూరొద్దు, ఎంత తొందరైనా సరే), గడియారంలో 12, 6 ఉండే చోట చక్రాన్ని పట్టుకుని ఊపండి. లూజ్ కనిపిస్తే ఇంకొకర్ని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. లూజ్ పోతే చక్రం బేరింగ్, అలాగే ఉంటే లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్. 3, 9 దగ్గర పట్టుకుని ఊపితే తేడా తెలిసేది స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌లో, దాని లోపలి జాయింట్‌లో. లోయర్ ఆర్మ్ బుష్‌లకి పొడవాటి రాడ్డు పెట్టి మెల్లగా ఎత్తి చూడాలి, రబ్బరు కొంచెం కదలడం మామూలే, చిరిగి ఇనుము ఇనుముకి తగులుతుంటేనే మార్చాలి.

రివర్స్ గేర్:

పానా అన్న చెప్పింది బాగానే ఉంది గానీ సౌండ్ అనగానే లింక్ రాడ్ అనేయడం కూడా ఒక జబ్బే. షాకబ్జర్లు మార్చినప్పుడు వాటిని పైన బాడీకి పట్టి ఉంచే మౌంట్లు మార్చారా లేక పాతవే బిగించారా? చాలామంది పాతవే వేసేస్తారు. బోనెట్ తెరిచి, ఎడమ వైపు మౌంట్ మీద అరచెయ్యి ఆనించి, ఇంకొకర్ని స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పమనండి. బండి కదలక్కర్లేదు, ఇంజిన్ ఆన్‌లో ఉంటే చాలు, చెయ్యీ చొక్కా బెల్టుల వైపు పోకుండా చూసుకోండి. మౌంట్ బేరింగ్ పట్టేస్తే స్ప్రింగ్ మెలిపడి ఒక్కసారిగా వదులుతుంది, టంగ్ మని చేతికే తెలుస్తుంది. అలాగే మధ్యలో ఉండే పెద్ద నట్టు బిగుతుగా ఉందో లేదో చూసుకోండి. స్ప్రింగ్ కింది చుట్టు కూడా టార్చ్ వేసి చూడండి, చివర ఒక ముక్క విరిగిపోయి ఉంటే పైనుంచి అస్సలు కనిపించదు.

నాలుగో చక్రం:

నన్ను ఆరు నెలలు ఏడిపించిన సస్పెన్షన్ సౌండ్ చివరికి బ్యాటరీ క్లాంప్ లూజ్. ఊరికే గుర్తొచ్చి చెప్తున్నా.

గతుకుల బండి:

అన్నలూ, అప్‌డేట్. బ్యాటరీ కదిపి చూశా, కదలట్లేదు 😀. మౌంట్ మీద చెయ్యి పెట్టి మా తమ్ముడితో స్టీరింగ్ తిప్పించా, టంగ్ ఏమీ లేదు, నట్టు గట్టిగానే ఉంది, స్ప్రింగ్ బాగుంది. 12, 6 దగ్గర ఊపితే లూజ్ లేదు, ఏదో చిన్న టిక్ వినిపించింది గానీ చక్రం కదల్లేదని వదిలేశా. 3, 9 దగ్గర కూడా ఓకే. స్పీడ్ బ్రేకర్ టెస్ట్ మాత్రం పానా అన్న చెప్పినట్టే వచ్చింది, నిటారుగా సైలెంట్, ఏటవాలుగా ఎక్కిస్తే టక్. ఇంక దొరికిపోయిందని ఎగిరి గంతేసి, కొత్తవి కొనేముందు ఒకసారి రూఢి చేసుకుందామని రెండు వైపులా లింక్ రాడ్లు విప్పేశా. నట్టుతో పాటు లోపలి స్టడ్ కూడా తిరిగిపోతుంటే అలెన్ కీ పెట్టి ఆపి విప్పడానికే గంట పట్టింది. బార్‌ని దేనికీ తగలకుండా తీగతో కట్టి, ఖాళీ గల్లీలో పదిలో నడిపా. బండి కొంచెం వాలుతోంది, సౌండ్ మాత్రం అదే. టక్ టక్ టక్. లింకులు చేతిలో ఉన్నాయి, సౌండ్ బండిలో ఉంది. నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

పాత పానా:

ఏం కాదు, ఒకటి కొట్టేశాం. కొనకుండా విప్పి చూశారు, అది తెలివైన పని. తప్పు నాదే, ఆ బ్రేకర్ టెస్ట్ నేను చెప్పినంత ఖచ్చితం కాదు. వెడల్పాటి బ్రేకర్‌ని నిటారుగా మెల్లగా ఎక్కితే చక్రానికి కుదుపే ఉండదు, ఏటవాలుగా ఎక్కితే బండి అటూ ఇటూ ఊగి అన్నీ కదులుతాయి. లూజుగా ఉన్నది ఏదైనా అప్పుడే మోగుతుంది.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. సౌండ్ వస్తున్నప్పుడు బ్రేక్ పెడల్ మీద కాలు ఊరికే ఆనించి, బండి ఆగనంతగా, అలా పోనిచ్చి చూశారా? బ్రేక్ ప్యాడ్లు ఈ మధ్య ఎప్పుడైనా మార్చారా? మీరు చక్రం ఊపినప్పుడు విన్న ఆ చిన్న టిక్ నాకు నచ్చలేదు.

లింకులు తిరిగి బిగించాకే బండి బయటికి తీయండి. వాటి నట్లు సాధారణంగా లాక్ నట్లు, పాతవి చేత్తోనే సులువుగా తిరిగిపోతుంటే కొత్తవి వెయ్యండి.

గతుకుల బండి:

అన్నా మీరు దేవుడు. ప్యాడ్లు మార్చిన సంగతి నేను పూర్తిగా మర్చిపోయా, అది బ్రేకుల పని, ఇది సస్పెన్షన్ సౌండ్ అని బుర్రలో రెండూ వేరే అరల్లో ఉన్నాయి. లెక్క చూస్తే ప్యాడ్లు మార్చి రెండున్నర నెలలు, సౌండ్ మొదలై రెండు నెలల పైనే.

లింకులు బిగించేసి అదే గల్లీలో అదే స్పీడ్‌లో వెళ్తూ బ్రేక్ మీద బొటనవేలు ఆనించా. సౌండ్ కట్. కాలు తీశా, టక్ టక్. ఆనించా, కట్. స్విచ్ వేసి ఆపినట్టు, నాలుగైదు సార్లు అదే పనిగా చేశా.

చక్రం విప్పి చూస్తే ప్యాడ్ కూర్చునే బ్రాకెట్‌లో కింద ఉండాల్సిన, ప్యాడ్‌ని ఊగకుండా పట్టే పల్చటి స్టీలు క్లిప్ లేదు. కుడి చక్రం కూడా విప్పి పోల్చి చూశా, అక్కడ పైనా కిందా రెండూ ఉన్నాయి. ఎడమ వైపు బయటి ప్యాడ్‌ని వేలితో కిందికి నొక్కి వదిలితే టక్, అచ్చం అదే సౌండ్, ఇన్నాళ్ళూ నేను సుత్తి అనుకున్నది ఇదే. పైగా ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే రెండు పిన్నుల్లో కిందిదాని రబ్బరు తొడుగు చిరిగి, లోపల గ్రీజు ఎండిపోయి నల్లగా పిడచకట్టింది, పిన్ను గుంతలో లొడలొడలాడుతోంది. క్లిప్పుల సెట్టు, రబ్బరు తొడుగులు తెచ్చా. పిన్నుకి ఏ గ్రీజు పెట్టాలి? ఇంట్లో మామూలు గ్రీజు డబ్బా ఉంది.

రివర్స్ గేర్:

ఆ డబ్బా ముట్టుకోకు. మామూలు గ్రీజు పెడితే ఆ రబ్బరు ఉబ్బిపోయి పిన్ను పట్టేస్తుంది. బ్రేక్ పిన్నులకి అని రాసి ఉండే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు దొరుకుతుంది, అది పల్చగా రాయాలి. ప్యాడ్ ముఖానికి, డిస్క్‌కి ఒక్క చుక్క కూడా అంటకూడదు. పని అయ్యాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగుసార్లు తొక్కు, మొదటి తొక్కుడు నేలకి పోతుంది, కంగారుపడకు. లోయర్ ఆర్మ్ నిజంగా మార్చాల్సిన రోజు ఒకటి వస్తుంది, అప్పుడు ఆ బుష్ బోల్టులు చక్రం గాల్లో ఉండగా బిగించెయ్యకు, బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగుతు ఇవ్వాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది.

గతుకుల బండి:

అన్నీ వేసేశా, పెడల్ గట్టిగా ఉంది, రెండు రోజులు నడిపా. సౌండ్ లేదు. ఇప్పుడు కొత్త సమస్య, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే సన్నగా కిర్రు మంటోంది. ముందు నుంచీ ఉందేమో, టక్ టక్ గోలలో వినబడలేదు.

నాలుగో చక్రం:

పాటలు పెట్టుకో బ్రో.

పాత పానా:

పాటలు తర్వాత. రివర్స్ గేర్ అడిగిన ప్రశ్నకి మీరు జవాబు చెప్పలేదు, మౌంట్లు కొత్తవా పాతవా?