ఆర్వీసీ (ఆర్మీ పశువైద్య విభాగం) నుంచి బయటికొచ్చి బెంగళూరులో స్థిరపడినవాళ్లు ఉన్నారా?

తిరుపతి వెట్:
తిరుపతిలో బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చేసి ఆర్మీ రీమౌంట్ వెటర్నరీ కోర్ (ఆర్వీసీ)లో షార్ట్ సర్వీస్‌లో, అంటే కొన్నేళ్ల పరిమిత సర్వీసులో చేరాను. వచ్చే ఏడాదికి 5 ఏళ్లు నిండుతాయి. ఇంకో 5 ఏళ్ల పొడిగింపు తీసుకోకుండా బెంగళూరు వచ్చేద్దామని ఉంది, మా ఆవిడ ఉద్యోగం అక్కడే. ఇన్నాళ్లూ చూసింది కంచరగాడిదలు, ఆర్మీ కుక్కలే. పెన్షన్ కూడా రాదు కాబట్టి టెన్షన్‌గా ఉంది. పెట్ క్లినిక్‌లో కుదురుకోగలనా?

యలహంక:
అన్నా, ముందు రిజిస్ట్రేషన్ చూసుకోండి. మీ పేరు ఆంధ్రా కౌన్సిల్‌లో ఉంటే కర్ణాటక వెటర్నరీ కౌన్సిల్‌కి మార్పించుకోవాలి. మీరట్ ఆర్వీసీ సెంటర్‌లో చేసిన కోర్సుల సర్టిఫికెట్లన్నీ సర్వీసులో ఉండగానే చేతికి తెచ్చుకోండి.

గన్నవరం బ్యాచ్:
కుదురుకుంటారు. వైద్యం త్వరగానే చేతికొస్తుంది. నాకు కష్టమైంది డబ్బు గురించి మాట్లాడటం. ఆర్మీ యూనిట్‌లో మందు కావాలంటే ఇండెంట్ (కావాలని రాతపూర్వక కోరిక) పెడతాం, వస్తుంది. కుక్క నిన్న ఎంత తిన్నదో, ఎప్పుడు నలతపడిందో దాన్ని చూసుకునే హ్యాండ్లర్ కచ్చితంగా చెబుతాడు. ఇక్కడ పార్వో (ప్రాణాంతకమైన వైరస్ జబ్బు) వచ్చిన కుక్కపిల్లను ఎత్తుకొచ్చిన కుర్రాడు "ఎంతవుతుంది డాక్టర్?" అనే మొట్టమొదట అడుగుతాడు. జీతం అందాకా ఆగాల్సిన వాడు అడగక ఏం చేస్తాడు? టెస్టులన్నీ ఒకేసారి రాసేస్తే మళ్లీ రాడు, ఆ పిల్ల బతకదు. అందుకే ఈరోజు తప్పనిసరి ఏది, రేపు చూసుకోదగ్గది ఏది అని విడదీసి, ఖర్చుతో సహా కాగితం మీద రాసిస్తాను. ఇది ఏ కాలేజీలోనూ నేర్పలేదు.

సారథి:
గుర్రాల అనుభవాన్ని వదులుకోకండి సార్. కడుపునొప్పితో పొర్లే గుర్రాన్ని ధైర్యంగా చూడగలిగేవాళ్లు పెట్ డాక్టర్లలో తక్కువ. ఊరి చుట్టూ రైడింగ్ స్కూళ్లున్నాయి. రేసు గుర్రాలైతే మాత్రం ఇచ్చిన మందు రేసు రోజుకి ఒంట్లో మిగలకూడదు, ఆ లెక్కలు విడిగా నేర్చుకోవాలి.

హెబ్బాళ:
గ్లాండర్స్, సర్రా లాంటి గుర్రాల జబ్బులకు శాంపిళ్లు తీసిన అనుభవం ఉంటే యలహంకలోని నివేది (పశువ్యాధుల పరిశోధన సంస్థ)లో ప్రాజెక్టు పోస్టుల నోటిఫికేషన్లు కూడా గమనించండి. యూపీఎస్సీ పోస్టులకి 5 ఏళ్లు పూర్తిచేసిన షార్ట్ సర్వీస్ ఆఫీసర్లకు వయసు సడలింపు ఉంటుంది. ఆ 5 ఏళ్లు నిండకుండా మధ్యలో మాత్రం బయటికి రాకండి.

తిరుపతి వెట్:
అందరికీ థ్యాంక్స్. గన్నవరం గారూ, సెలవులో వచ్చి మీ క్లినిక్‌లో కూర్చోవచ్చా?

గన్నవరం బ్యాచ్:
తప్పకుండా. శనివారం సాయంత్రం రండి, రద్దీ అప్పుడే.